పిడికెడు బియ్యము

(శతవార్షికోత్సవముల సందర్భమున సంఘ సభ్యుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



క్రైస్తవ గృహనిర్వాహకత్వమును గూర్చి మాట్లాడవలెనని నన్ను కోరిరి. అంశము పెద్దది, నాకిచ్చిన సమయము అరగంట. దశమభాగములను గూర్చి, ప్రథమ ఫలములను గూర్చి మీరు ఇదివరకే ఎన్నో ప్రసంగములు వినియున్నారు. వాటిని మరల చెప్పి మీకు నిద్ర తెప్పించను. నేను గురువుగా చేసిన ఒక తప్పును గూర్చి చెప్పెదను. అది బియ్యమునకు సంబంధించిన తప్పు.

పిడికెడు బియ్యమనిన ఏమిటో ఇచ్చటనున్న తల్లులకు వివరింపనక్కర లేదు. చిన్నవారి కొరకు చెప్పుచున్నాను. పూటపూటకు అన్నము వండునప్పుడు ఇల్లాలు బియ్యము కొలుచుకొని, కడుగుటకు ముందు దానిలోనుండి ఒక పిడికెడు తీసి ప్రక్కనున్న ముంతలో వేయును. తినగా మిగిలినది కాదు సుమా, వండక ముందే తీసినది. ఆదివారము ఆ బియ్యమును గుడ్డసంచిలో పోసికొని గుడికి తెచ్చి, బల్లయెదుటనున్న గంపలో పోయును. ఆరాధన ముగిసిన పిమ్మట పెద్దలు దానిని వేలము వేయుదురు, లేదా ఉపదేశి ఇంటికి పంపుదురు. ఇది మన తెలుగు పల్లెలలో మాత్రమే ఉన్న అలవాటు కాదు. మిజోరాము సంఘములలోని స్త్రీలు 1910 నుండి ఇట్లే చేయుచున్నారు. ఆ పిడికెళ్ళతోనే అక్కడివారు దూర ప్రాంతములకు సువార్తికులను పంపుచున్నారు.

మొన్న మా ఇంట త్రాసు పెట్టి తూచితిని. నా భార్య పిడికిలిలో 45 గ్రాములు వచ్చినవి. దినమునకు రెండు పూటలు చొప్పున వారమునకు 14 పిడికెళ్ళు, అనగా 630 గ్రాములు. అరువది ఇండ్ల సంఘములో అందరును వేసినయెడల వారమునకు దాదాపు 38 కిలోలగును. అందరును వేయరనుకొనుడి. సగము వేసినను చిన్న సంగతి కాదు.

నేను ఆ బియ్యము తిని పెరిగినవాడను. మా నాయనగారు ఒక పల్లెలో ఉపదేశిగా ఉండిరి. జీతము ఎప్పుడో వచ్చెడిది, గంప మాత్రము ప్రతి ఆదివారము వచ్చెడిది. మా అమ్మ చెప్పినదానిని బట్టి, అంతకు ముందటి రోజులలో ఆ గంపలో బియ్యము కంటె జొన్నలే ఎక్కువగా ఉండెడివట. ఎవరింట ఏది వండుకొందురో ఆ గింజయే గంపలోనికి వచ్చెడిది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన తరువాతనే గంప తెల్లబడినదని ఆమె నవ్వుచు చెప్పెడిది. ఇరువది ఇండ్ల బియ్యము ఒక గంపలో కలిసినప్పుడు ఏమగునో వంట చేయువారికి తెలియును. దొడ్డువి, సన్నవి, పాతవి, క్రొత్తవి, నూకలు, అన్నియు ఒకే ఎసటిలో పడవలెను. కొన్ని మెత్తబడును, కొన్ని పలుకుగా నిలుచును. నేను నాలుగవ తరగతి చదువుచుండగా ఒక స్నేహితుడు మా ఇంట భోజనమునకు కూర్చుండి, "మీ అన్నం రంగురంగులుగ ఉందేందిరా?" అని అడిగెను. వాడు ఎగతాళికి అనలేదు, కనబడినది అనెను. అయినను ఆ దినము మొదలుకొని నేను ఎవరినీ భోజనమునకు పిలువలేదు. ఈ సంగతిని ఎందుకు చెప్పుచున్నానో తరువాత మీకే తెలియును.

వేదాంత కళాశాల ముగించి, అభిషేకము పొంది, రెండవ నియామకమున నేనొక పల్లె సంఘమునకు వెళ్ళితిని. చుట్టును వరి, మిరప. సంఘస్థులలో ఎక్కువమంది కూలి చేసికొను కుటుంబములవారు. అక్కడ గంప బల్లయెదుటనే ఉండెను. వేలములో ఆ బియ్యమునకు కిలోకు పది రూపాయలు కూడ పలుకుట లేదు. కలగలపు బియ్యము దోసెలకు బాగుండునని, బస్సు స్టాండు వద్ద హోటలు నడుపు ఒక సహోదరుడు మాత్రము పాడెడివాడు. ఆయనకు పోటీ లేదు గనుక ఆయన చెప్పినదే ధర. ఎలుకలు, లక్క పురుగులు, లెక్కలో తరుగు, ఇట్లు కోశాధికారి ప్రతి కమిటీలోను మొరపెట్టుకొనుచుండెను. ఆయన యథార్థవంతుడు. ఆయన చెప్పినదంతయు నిజమే.

అప్పుడు నాకు ఇరువది తొమ్మిది యేండ్లు. గృహనిర్వాహకత్వమను పాఠములో మంచి మార్కులు తెచ్చుకొన్నవాడను. గంప తీసివేసి, కుటుంబమునకొక కవరు పెట్టితిని. కవరు మీద ఇంటి యజమాని పేరు, నెంబరు. ఒక రిజిస్టరు. నెలాఖరున చెల్లించినవారి పేర్లు చదువుట. మూడవ నెల నుండి, ఎవరో పెద్దలు సలహా ఇచ్చినందున, చెల్లింపనివారి పేర్లు కూడ చదువుట. రాబడి పెరిగినది. పాస్టరేటు వాటా మొదటిసారి గడువులోపల కట్టితిమి. మా సంఘమును చూచి నేర్చుకొనుడని ఒక కూడికలో ఇతరులతో చెప్పిరి. ఆ మాట విని నేను ఎంత పొంగితినో ప్రభువునకే తెలియును.

స్త్రీలు కూర్చుండు వైపున రెండవ స్తంభమునకు ఆనుకొని ఒక ముసలి విధవరాలు కూర్చుండెడిది. కీర్తనలు ఆమెకు పుస్తకము లేకయే వచ్చును. నేను మరచిన చరణమును ఆమె అందించిన దినములు కలవు. ఆమె కనబడుట లేదని నేను గమనించుటకే చాలకాలము పట్టెను. జబ్బుపడినదేమో అనుకొంటిని. మరొక పాకలో ఉన్న రోగిని చూడవెళ్ళినప్పుడు, దారిలోనే గదా అని ఆమె ఇంటికి తొంగిచూచితిని. ఇదియును ఒప్పుకొనుచున్నాను, ఆమె కొరకని బయలుదేరలేదు.

ఆమె పొయ్యి దగ్గర ఉండెను. కుమారుడు, కోడలు కూలికి పోయిరి. నన్ను చూచి లేచి పీట వేసెను.

"అవ్వా, పాణం బాగలేదా?" అని అడిగితిని.

"బాగనే ఉన్న అయ్యగారూ."

"మరి గుడికి వస్తలేవు?"

ఆమె జవాబు చెప్పలేదు. లోపలికి పోయి, మూతకు గుడ్డ కట్టిన ఒక పెద్ద కుండను రెండు చేతులతో ఈడ్చుకొనుచు తెచ్చెను. గుడ్డ విప్పి చూపెను. దాని మెడ వరకు బియ్యము.

"ఇవి ఏడు నెలల బియ్యం. ఏడ పొయ్యాల్నో చెప్పుండ్రి. గంప లేదాయె. కవర్ల బియ్యం పట్టయి గద."

నేను గురువునైనందున ఏదో ఒకటి చెప్పవలెను గదా! "దేవుడు నీ బియ్యం అడుగడవ్వా, నిన్నే అడుగుతడు. ఉత్త చేతులతోనైనా రావచ్చు" అంటిని. సిద్ధాంతము ప్రకారము అది సరియైన జవాబే. కృప ఉచితము. ఆమె నా ముఖము వైపు కొంతసేపు చూచి అనెను గదా, "అట్లనా? మరి మీరు కవర్లెందుకు అడిగిండ్రు?"

నాకు మాట రాలేదు.

ఆ సాయంకాలము రిజిస్టరు తీసి చూచితిని. ఆ ఇంటి కవరు కుమారుని పేరుననున్నది. అతడు రెండు నెలలు వేసి మానెను. ఆ పేరు నాలుగు నెలలు వరుసగా బాకీ పేర్లలో చదువబడినది. చదివినది నా నోరే. ఆమె మొదటి రెండు సార్లు ఆ స్తంభము వద్ద కూర్చుండియే వినియుండవలెను.

ప్రియులారా, ఆ రాత్రి నాకు అర్థమైన సంగతి ఒకటే. ఆ ఇంటిలో డబ్బు ఆమె చేతికి రాదు. పింఛను వచ్చిన దినముననే కుమారుని చేతికి పోవును. కూలి డబ్బులు అతనివి, కోడలివి. అప్పు తెచ్చుట, తీర్చుట, పండుగకు బట్టలు కొనుట, దేనిలోను ఆమెను అడుగువారు లేరు. కాని ఆ ఇంట పొయ్యి ఆమెది. పూటకు ఎంత బియ్యము పోయవలెనో ఆమె నిర్ణయించును. ఆ ఒక్క పిడికెడు మీదనే ఆమెకు అధికారము. నేను గంప తీసి కవరు పెట్టినప్పుడు, కానుకను ఆమె చేతిలోనుండి తీసి ఆమె కుమారుని జేబులో పెట్టితిని. ఆమె ఒక్కతెయే కాదు. మా సంఘములో ఎందరు భార్యల, ఎందరు అత్తల చేతులలోనుండి అట్లు తీసితినో! రిజిస్టరులో నూటికి తొంబది పేర్లు పురుషులవే. రాబడి పెరిగినది, ఇచ్చువారి సంఖ్య తగ్గినది. ఆ రెండవ లెక్కను నా రిజిస్టరు చూపలేదు.

కోశాధికారి ఎలుకలను గూర్చి చెప్పినది సాకుగా పట్టుకొంటిని గాని, నా లోపల ఉన్నది వేరు. ఆ రంగురంగుల అన్నము. ఉపదేశి కుమారునిగా నేను పడిన సిగ్గు. నా పిల్లలు ఆ గంపను చూడకూడదని నేను కోరుకొంటిని. సంఘాభివృద్ధి అని దానికి పేరు పెట్టితిని.

లేవీయకాండము అయిదవ అధ్యాయమును తీసి మరల చదివితిని. కళాశాలలో పరీక్ష కొరకు చదివినప్పుడు బలుల పట్టికగా కనబడిన అధ్యాయము అది. గొఱ్ఱెపిల్లను తేగలవాడు గొఱ్ఱెపిల్లను తేవలెను. అంతటి స్థితి లేనివాడు రెండు గువ్వలను తేవచ్చును. గువ్వలకు కూడ చాలనివాడు పిండి తేవచ్చును. అప్పుడు యాజకుడు ఆ పిండిలోనుండి ఒక పిడికెడు తీసి బలిపీఠము మీద వేయవలెను. అనగా, బీదవానిని ఇవ్వకుండ మినహాయించుట కాదు, అతని చేతిలో ఉన్నదానిని పుచ్చుకొనుటకు బలిపీఠమే క్రిందికి వంగుచున్నది. మన ప్రభువును దేవాలయమునకు తెచ్చిన దినమున మరియ యోసేపులు తెచ్చినది పక్షుల కానుకయేనని లూకా సువార్త చెప్పుచున్నది. సారెపతు విధవరాలి సంగతి మీకు తెలియును. కరవులో ఆమె తొట్టిలో మిగిలినది చేతికి వచ్చునంత పిండి. ఏలీయా ఆమెను జాలిచూపి విడిచిపెట్టలేదు, అడిగెను. ఆయన కఠినుడని చిన్నప్పుడు అనుకొనెడివాడను. ఇప్పుడు అట్లు అనుకొనుట లేదు.

మన మండలపు మొదటి అధ్యక్షులైన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారిని గూర్చి ఒక మాట. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో వారికి అభిషేకము జరిగినది. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనయే. తిరునెల్వేలి నుండి 1909లో దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకొని, పల్లెపల్లెకు ఎడ్లబండి మీద తిరిగినవారు. వారి కాలమున ఈ ప్రాంతములో బాప్తిస్మము పొందినవారిలో అధికులు భూమి లేనివారు, వెట్టిచాకిరి చేసినవారు. అట్టివారి యొద్ద కానుక అడుగుట అన్యాయమని కొందరు అనుకొనవచ్చును. అజరయ్యగారు అట్లు అనుకొనలేదు. నిరుపేద సంఘము సైతము ఇయ్యగలదనియు, తన కాపరిని తానే పోషించుకొనవలెననియు బోధించిరి. క్రైస్తవ ఈవిని గూర్చి ప్రత్యేకముగా ఒక పుస్తకమే వ్రాసిరి. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మహాసభలో మిషనెరీల త్యాగములకు కృతజ్ఞత తెలిపి, వాటితోపాటు స్నేహము కూడ కావలెనని అడిగినది వీరే. ఈ రెండు సంగతులను కలిపి చూచినప్పుడు నాకొకటి తోచుచున్నది. ఎప్పుడును ఇచ్చువాడు, ఎప్పుడును పుచ్చుకొనువాడు, వీరిద్దరు స్నేహితులు కాలేరు. నా యొద్ద నుండియు ఏదో ఒకటి పుచ్చుకొనువాడే నాకు స్నేహితుడు. ఆ ముసలమ్మకు నేను వాక్యము ఇచ్చితిని, ప్రార్థన ఇచ్చితిని, ఆమె యొద్ద నుండి పుచ్చుకొనుట మానితిని.

తరువాతి కమిటీలో గంపను తిరిగి పెట్టవలెనని అడిగితిని. సులభముగా ఒప్పుకొనలేదు. "పెట్టినవారు మీరే, తీసినవారు మీరే" అని ఒక పెద్ద అనెను. అది న్యాయమైన మాటయే. చివరకు ఇట్లు తీర్మానించితిమి. కవర్లు ఉండును, గంప కూడ ఉండును, పేర్లు చదువుట మాత్రము ఉండదు. పేర్లు చదువుట మానగానే కవర్ల రాబడి పడిపోయెను. ఆ సంవత్సరము పాస్టరేటు వాటా కట్టుటకు నానా తిప్పలు పడితిమి. తప్పు దిద్దుకొనినవెంటనే దేవుడు ధాన్యపు కొట్లు నింపునని ప్రసంగములలో చెప్పుదుము గాని, మా సంగతిలో అట్లు జరుగలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పుచున్నాను.

గంప తిరిగి వచ్చిన మొదటి ఆదివారము ఆమె ఆ కుండను కోడలి తలమీద పెట్టించుకొని వచ్చెను. తూచగా 12 కిలోలకు పైగా ఉండెను. ఏడు నెలలు నిలువయున్న బియ్యము గదా, పురుగు పట్టియుండెను. దానిని అట్లే గంపలో పోసిన మిగిలినవి కూడ పాడగునని కోశాధికారి ఆందోళనపడెను. అప్పుడు స్త్రీల మైత్రివారు ఇండ్లకు పోయి చేటలు తెచ్చిరి. ఆరాధన ప్రారంభింపక ముందు గుడి వరండాలో పది మంది కూర్చుండి చెరిగిరి. మొదటి గంట కొట్టి అరగంట దాటినది. పురుషులు గడియారములు చూచుకొనుచు బయట నిలుచుండిరి. ఆ చేటల చప్పుడు ఆగిన తరువాతనే రెండవ గంట కొట్టుడని చెప్పితిని. కోడలు కూడ వారితో కూర్చుండి చెరుగుచుండెను. ఆ కుండలో ఆమె పిడికెళ్ళు కూడ ఉన్నవని అప్పుడు తెలిసినది.

ఇక ఆ బియ్యమును ఏమి చేయవలెనను ప్రశ్న వచ్చినది. వేలము మాని బీద విధవరాండ్రకు పంచుదమని ఒక యౌవనస్థుడు మంచి మనస్సుతో సూచించెను. పట్టిక వ్రాసిరి. పట్టికలో మొదటి పేరు ఈ ముసలమ్మదే! సంగతి ఆమెకు తెలిసి, నన్ను గుడి మెట్ల వద్ద నిలిపి, "నేను పోసినయి నాకే పెడ్తరా అయ్యగారూ? ఇగ నేను పోసుడెందుకు?" అని అడిగెను. మరి ఏమి చేయమందువని అడిగితిని. ఆమె ఆలోచింపనైన ఆలోచింపక, "సావు జరిగిన ఇంటికి పంపుండ్రి. ఆడ పొయ్యి ఎలగదు గద" అనెను.

అప్పటి నుండి ఆ పల్లెలో ఎవరింట మరణము సంభవించినను, సంఘస్థులైనను కాకపోయినను, ఉన్నవారైనను లేనివారైనను, గంపలోని బియ్యమును స్త్రీలే వండి పంపుచుండిరి. మిగిలినది ఎప్పటివలె హోటలు సహోదరునికి. ఒక భూస్వామి ఇంట తండ్రి చనిపోయినప్పుడు ఆ అన్నము వారి గడప దాటునా అని నాకు సందేహము. దాటినది. వారు తినిరో లేదో నేను అడుగలేదు. గిన్నెలు మాత్రము కడిగి తిరిగి పంపిరి.

నేను బదిలీయై వచ్చిన రెండేండ్లకు ఆ తల్లి ప్రభువునందు నిద్రించెను. భూస్థాపనకు నేను వెళ్ళలేకపోతిని. ఆ దినము గంపలోని బియ్యము వండి ఆ ఇంటికి పంపితిమని ఆ సంఘ పెద్ద ఫోనులో చెప్పెను.

ఇప్పుడు మన సంగతి. మనము పట్టణములో ఉన్నాము. మన ఇండ్లలో ముంత లేదు, రైస్ కుక్కరుతో వచ్చిన కొలత గ్లాసు ఉన్నది. భార్యాభర్తలిరువురు ఉద్యోగములకు పోవుదురు. గుడి ద్వారమువద్ద ఫోనుతో కానుక వేయు బోర్డు పెట్టితిమి. దానిని తీసివేయవలెనని నేను చెప్పుట లేదు. ఒకసారి తీసివేసి ఏమైనదో ఇప్పుడే చెప్పితిని గదా! కాని నేను ఇండ్లు దర్శించునప్పుడు ఒకటి చూచుచున్నాను. ఆ బోర్డు ఎదుట ఎత్తబడు ఫోను చాల ఇండ్లలో ఒక్కరిదే. డిగ్రీ చదువు ఆడపిల్ల, పెన్షను లేని అత్తగారు, కూతురింట ఉన్న ముసలి తండ్రి, వీరు కానుక సమయమున చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుందురు. వారి చేతికి ఏది వచ్చునో మనము ఎప్పుడును అడుగలేదు. ఇచ్చుటకు తన యొద్ద ఏమియు లేదని నాతో చెప్పిన ఒక పెద్దాయన, గుడి ఆవరణలోని మందారముల కొమ్మలు కత్తిరించుట ఎట్లో మన తోటమాలికి చూపుచుండగా నిన్న చూచితిని. ఆయనను నేను ఇంకను ఏమియు అడుగలేదు, అడుగవలెను.

మా ఇంట కుక్కరు ప్రక్కన ఒక డబ్బా ఉన్నది. నా భార్య ఊరికి వెళ్ళినప్పుడు వేయు బాధ్యత నాది. ఈ వారము బుధ, శుక్రవారములు మరచితిని, డబ్బా చూచినయెడల ఆమెకు తెలిసిపోవును.

వచ్చే ఆదివారము మొదలుకొని గంప బల్లయెదుటనే ఉండును, వరండాలో కాదు. సన్నవైనను దొడ్డువైనను సరే, చౌకడిపో బియ్యమైనను సరే. ఎవరి బియ్యమునకైనను పురుగు పట్టియున్నయెడల సిగ్గుపడి ఇంట ఉంచవద్దు, అరగంట ముందుగా తీసికొని రండి. స్త్రీల మైత్రివారు ఆరు చేటలు సిద్ధపరచియున్నారు. చెరుగుట వచ్చిన పురుషులు ఎవరైన ఉన్నయెడల కార్యదర్శిగారికి పేరు ఇయ్యవచ్చును.